ముప్పై వెండి నాణేలేనా కారణం?

ప్రశ్న: యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన ఇస్కరియోతు యూదా డబ్బు కోసమే యేసును పట్టించాడా? లేక ఆయన రోమా పాలనను కూల్చి రాజు కాలేదన్న నిరాశతోనా?

జవాబు: సువార్తలు నేరుగా చెప్పేది డబ్బు గురించి, సాతాను ప్రేరేపణ గురించి. నిరాశ అన్నది తర్వాతివాళ్ల ఊహ. ‘నాకేమిస్తారు?’ అని ప్రధాన యాజకులను అడిగి ముప్పై వెండి నాణేలు పుచ్చుకున్నాడు (మత్తయి 26:15). అవి తూరు పట్టణపు షెకెళ్లనే వెండి నాణేలయితే 120 దేనారాలు (రోమా నాణేలు), అంటే కూలివాడి నాలుగు నెలల సంపాదన. ఎద్దు పొడిచి చంపిన దాసుడికి మోషే ధర్మశాస్త్రం కట్టిన వెల కూడా ముప్పై తులాల వెండే (నిర్గమ 21:32). బేతనియలో మరియ పోసిన అత్తరుకు 300 దేనారాలు లెక్కగట్టిన మనిషి (యోహాను 12:5) గురువును ఇంత చవగ్గా అమ్మాడంటే కడుపు తరుక్కుపోతుంది.

అయితే అధికారం మీద ఆశ మిగతా శిష్యులకూ ఉంది. యాకోబు, యోహాను యేసుకు కుడి ఎడమల ఆసనాలు అడిగారు (మార్కు 10:37). పునరుత్థానం తర్వాత కూడా శిష్యులు ‘రాజ్యం ఇప్పుడేనా?’ అన్నారు (అపొ. కార్యములు 1:6). యూదా ఒక్కడినే వేలెత్తి చూపే ప్రసంగాలు ఈ వచనాలను దాటేస్తాయి, అది అన్యాయం. లూకా 22లో 3 నుంచి 34 దాకా ఆపకుండా చదవండి: యూదా బేరం, ఎవరు గొప్పన్న శిష్యుల వాదులాట, యేసు ఎవరో తెలియదని పేతురు బొంకుతాడన్న హెచ్చరిక వరసగా కనిపిస్తాయి.