చిన్నాకి, హ్యూరాన్ సరస్సులో దిగే ముందు

చిన్నా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. ఆగస్టులో నువ్వు అమెరికాలోని అల్పీనా వెళ్తున్నావట, హ్యూరాన్ సరస్సులో మునిగిపోయిన ఓడల దగ్గరకి డైవ్ చేస్తావట. "అన్నీ నీ బుద్ధులే వచ్చాయి వాడికి, నువ్వే ఆపు" అంది. ఆపను. ఫోన్ పెట్టేశాక సంతోషంతో కళ్ళు చెమర్చాయి. పడుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. లేచి ఇది రాస్తున్నాను.

నువ్వు ఇప్పటిదాకా దిగింది వెచ్చని సముద్రంలో. హ్యూరాన్‌లో ఆగస్టులో పైనీళ్ళు ఈత కొట్టడానికి హాయిగానే ఉంటాయి. తాడు పట్టుకుని దిగుతుంటే ఒకచోట, మూరెడు తేడాలో, ఆ వెచ్చదనం తెగిపోతుంది. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. ఆ చల్లనీళ్ళు అడుక్కి చేరి వేసవిలో కూడా అక్కడే ఉంటాయి. ముందు పెదాలు మొద్దుబారతాయి, తర్వాత వేళ్ళు.

ఒంటికి నీళ్ళు తగలనివ్వకుండా లోపల గాలి ఉంచే డ్రైసూట్ వాడటం నేర్చుకోకుండా వెళ్ళకు. నడుముకి కట్టుకునే బరువుల పాత లెక్క మర్చిపో. మంచినీళ్ళు సముద్రం కన్నా తక్కువ తేలుస్తాయి, డ్రైసూట్ ఎక్కువ తేలుస్తుంది. లోతు లేని చోట దిగి సరిచూసుకో. ప్రతి క్లిప్పూ, ప్రతి వాల్వూ గ్లౌజులు వేసుకునే తిప్పి అలవాటు చేసుకో. ప్రత్యేకంగా శిక్షణ తీసుకోకుండా ఓడ లోపలికి పోకు, ద్వారం ఎంత పెద్దగా కనిపించినా సరే. ఆఖరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకు. ఇవన్నీ నీ ఇన్‌స్ట్రక్టర్ కూడా చెప్తాడు.

నేను చెప్పాల్సింది ఆలెన్ సంగతి.

ఈ.బి. ఆలెన్ 1864లో కట్టిన చెక్క తెరచాప ఓడ. 1871 నవంబరులో ధాన్యం వేసుకుని వెళ్తూ, పొగమంచులో న్యూస్‌బాయ్ అనే ఓడ గుద్ది ఆ సరస్సులోని థండర్ బేలో మునిగిపోయింది. ముప్ఫై మీటర్ల లోతున నిటారుగా కూర్చుని ఉంది. సముద్రంలో అయితే చెక్కని తొలిచే పురుగులు ఈపాటికి తినేసేవి. మంచినీళ్ళలో ఆ పురుగు బతకదు. పద్దెనిమిదేళ్ళ కిందట, జూన్ మొదట్లో, ఆ ఓడ చూడాలని వెళ్ళాను. రెండు వారాలు గాలి ఎక్కువగా ఉండి పడవ కదల్లేదు. మూడోవారం వెళ్ళగలిగాం. పడవలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

పడవ మీద చలిగాలిలో నిలబడి, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని పదేపదే ఊపిరి పీల్చి వదిలాను, పనిచేస్తోందో లేదో చూద్దామని. అది మొదటి పొరపాటు. ఊపిరిలోని తేమ లోపల చేరుతుంది. సిలిండర్‌లోంచి ఒత్తిడి తగ్గుతూ వచ్చే గాలి విపరీతంగా చల్లబడుతుంది, ఆ తేమ మంచు కడుతుంది. మంచు పట్టిన వాల్వు మూసుకోదు. అందుకే అలాంటి చోట నీళ్ళలోకి దిగాకే రెగ్యులేటర్‌తో ఊపిరి పీల్చాలి. చన్నీళ్ళకని చేసినదే తెచ్చుకోవాలి. ఊపిరి పీలుస్తున్న క్షణంలోనే డ్రైసూట్‌లోకి గాలి ఎక్కించకూడదు, చిన్నచిన్నగా నొక్కాలి.

పన్నెండు మీటర్ల దగ్గర సుయ్‌మని సన్నటి శబ్దం వినిపించింది. నేను పీల్చకపోయినా బుడగలు వస్తూనే ఉన్నాయి. నా బడ్డీ, అంటే నాకు జతగా దిగినవాడు, వెనక్కి తిరిగి టార్చి వేసి, బాగున్నావా అని సైగ చేశాడు. కింద ఓడ ముందుభాగం మసగ్గా కనిపిస్తోంది. మూడు వారాలు ఎదురుచూశాను. వేలూ బొటనవేలూ కలిపి, బాగున్నాను అని చూపించాను.

చిన్నా, నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అంత పెద్దది ఇంకోటి లేదు.

ఓడ ముందుభాగంలో లంగరు గొలుసు చుట్టి లాగే పెద్ద అడ్డదుంగ ఇంకా ఉంది. దాని మీద వేలుగోరంత గుల్లలు ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉన్నాయి. చెయ్యి తగలకుండా దగ్గరగా చూస్తున్నాను. అప్పుడు గాలి ఒక్కసారిగా బుస్సుమని వదిలేసింది. మాస్క్ అదిరిపోతోంది, బుడగల్లో ఏమీ కనిపించడం లేదు, పళ్ళు జివ్వుమన్నాయి. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ ముల్లు నేను చూస్తుండగానే దిగుతోంది. గాలి అలా వదిలేస్తున్నా పీల్చుకోవచ్చు, పెదాలు పక్కకి వదులు చేసి కొంచెం కొంచెంగా తీసుకుంటూ పైకి రావచ్చు. నేర్చుకున్నదే, కానీ గుర్తు రాలేదు. డ్రైసూట్‌లో గాలి తీయబోయి, ఆ గ్లౌజులతో గాలి ఎక్కించే బటన్ నొక్కాను. కాళ్ళు పైకి లేచిపోయాయి.

అతను నా చీలమండ పట్టుకుని కిందకి గుంజాడు. భుజం మీద వాల్వు తిప్పి గాలి వదిలాడు, తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టాడు. ఒకే తాడు పట్టుకుని మెల్లగా పైకొచ్చాం. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు నా బెల్టు పట్టుకున్న చెయ్యి అతను వదల్లేదు. పడవెక్కాక తిట్టలేదు. "పన్నెండు మీటర్ల దగ్గరే నీకు తెలుసు కదా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఒళ్ళు కాలిపోతూ స్కూలుకి తయారయ్యావు, గుర్తుందా? నేను నుదుటి మీద చెయ్యి వేస్తే "బానే ఉన్నా పిన్నీ" అన్నావు. నిన్న రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఆ మాటే. ఓడలో దారి తప్పుతావని నాకు భయం లేదు, నువ్వు జాగ్రత్త గలవాడివి. చలేస్తోందనీ, గాలి తేడాగా వస్తోందనీ, మత్తుగా ఉందనీ పక్కవాడికి చెప్పవేమోనని భయం. ఆ పిచ్చి మొహమాటం పడవలోనే వదిలెయ్యి. సిలిండర్ మీది రెండు వాల్వులకి రెండు వేర్వేరు రెగ్యులేటర్లు పెట్టుకో, ఒకటి పాడైతే దాని వాల్వు మూసేసి రెండోదాంతో పీల్చుకోవచ్చు. ఖర్చవుతుంది, నేనిస్తాను.

అక్కడ ఏదీ ముట్టుకోకు, మేకు కూడా తేకు. నేరమని మాత్రమే కాదు. నూట యాభై ఏళ్ళుగా అది అక్కడ ఉండబట్టే నువ్వు చూడగలుగుతున్నావు.

మళ్ళీ చాలాసార్లు డైవ్ చేశాను గానీ ఆలెన్ దగ్గరకి వెళ్ళలేకపోయాను. దాని వెనక సగం నేను ఇంతవరకూ చూడలేదు. నువ్వు చూస్తే ఎలా ఉందో వివరంగా చెప్పు. సగంలోనే తిరిగొచ్చేస్తే మాత్రం పడవ దిగగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పిన్ని