బొమ్మ కొరియాది, ముద్ర జపాన్‌ది: అలా ఉండొచ్చు

నమస్తే అండీ. మీరు అడిగిన అచ్చు బొమ్మలో కొరియా ఆవిడ, అంచున జపాన్ ముద్ర, కింద పెన్సిల్‌తో ఎలిజబెత్ కీత్ అని ఇంగ్లిష్ సంతకం. ఇన్ని దేశాలు కలిశాయి కాబట్టి నకిలీయేమో అని కదా మీ టెన్షన్? ఆ కలగలుపే చిత్రకారిణి కీత్ కథ.

కీత్ 1887లో స్కాట్లండ్‌లో పుట్టారు. 1915లో సోదరిని చూసి వద్దామని టోక్యో వెళ్ళి, 1924 దాకా ఆసియాలోనే ఉండిపోయారు. 1919లో, కొరియా స్వాతంత్ర్యోద్యమం మీద జపాన్ అణచివేత సాగుతుండగానే, ఆ దేశం వెళ్ళి అక్కడి మనుషుల్ని నీటిరంగుల్లో గీశారు. ఆవిడ బొమ్మలు చూసి, చెక్క అచ్చులు వేద్దామని ఒప్పించినవాడు టోక్యో ప్రచురణకర్త వతనబె షోజబురో. గీసింది ఆవిడ, చెక్కిందీ అద్దిందీ జపాన్ పనివాళ్ళు. అందుకే ఆ ముద్ర.

ఇక మీ కాపీ సంగతి. వెనక్కి తిప్పి కిటికీ వెలుగులో చూడండి. చేత్తో అద్దినదైతే రంగు కాగితంలోకి ఇంకి వెనక మసగ్గా కనిపిస్తుంది, రుద్దిన జాడలు గుండ్రంగా తెలుస్తాయి. భూతద్దంలో సన్నని చుక్కలు వరసగా కనబడితే మాత్రం మెషీన్ ప్రింటే. ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాక ఆవిడ రంగుల ఎచింగులూ (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు దించి వేసే అచ్చులు) చేశారు. వాటికైతే బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గీత ఉండాలి.

అట్టకి గమ్‌తో అంటించి ఉంటే మీరు పీకకండి, ప్లీజ్. ఆ కాగితం పొరలుగా లేచిపోతుంది. వెనకవైపు ఫొటో పెడితే చూసి చెబుతాను.