పంతొమ్మిదో అధ్యాయం ఏమైంది తమ్ముడూ?

తమ్ముడూ, వందనాలు.

బైబిల్లోని ఏలీయా ప్రవక్త మీద నువ్వు రాసి పంపిన కథ అందింది. అందడం పోయిన నెల్లోనే అందింది కానీ కళ్ళజోడు మార్పించుకునేదాకా చదవడం కుదర్లేదు, తర్వాత చదివితే ఒళ్ళు మండి పక్కన పడేశాను, మొన్న రాత్రి కరెంటు పోయి నిద్ర పట్టక ఫోన్ లైటు వేసుకుని ఇంకోసారి చదివాను. మేడమ్ అని రాయకు, ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, టీచర్‌గారూ అంటే చాలు. నువ్వడిగిన ప్రశ్నలు ఐదున్నాయి, అన్నిటికీ జవాబు రాసే ఓపిక లేదు, కలం పేరు సంగతైతే అసలే అడక్కు.

బాగున్నది ముందు చెప్పేస్తా, ఒక్కటే ఉంది కాబట్టి. ఏలీయా తన పనివాణ్ణి సముద్రం వైపు చూసి రమ్మని ఏడుసార్లు పంపిస్తాడు కదా, ఆరోసారి తిరిగొచ్చినప్పుడు "ఏమీ లేదయ్యా అని చెప్పడానికి వాడికే సిగ్గేసింది" అని రాశావు. ఆ మాట గ్రంథంలో లేదు, నీదే. ఆ ఒక్క లైను కోసమే ఈ ఉత్తరం.

ఇక మిగతాది. 22 పేజీల కథలో, కర్మెలు కొండ మీద బయలు దేవుణ్ణి కొలిచేవాళ్ళతో పందెంలో ఏలీయా ప్రార్థిస్తే దిగిన నిప్పుకే 6 పేజీలిచ్చావు. ఆకాశం బద్దలవుతుంది, జనం హాహాకారాలు, ఏలీయా దుప్పటి గాలికెగురుతుంటే స్లో మోషన్‌లో నడిచొస్తాడు, నాకైతే వెనకాల మ్యూజిక్ కూడా వినపడింది. తర్వాత వాన, అహాబు రాజు రథానికి ముందు పరుగు, శుభం కార్డు. కార్డు పడ్డాక కూడా వదల్లేదు నువ్వు, "నేటి సమాజంలో కూడా" అని మొదలెట్టి పక్కింటోళ్ళ పూజగది మీద ఒకటిన్నర పేజీ ప్రసంగం. పంతొమ్మిదో అధ్యాయం ఏమైంది తమ్ముడూ? నీ బైబిల్లో ఆ పేజీ చినిగిపోయిందా?

రాజుల మొదటి గ్రంథం పద్దెనిమిదో అధ్యాయం మళ్ళీ తీసి చూడు. నిప్పు దిగింది ఒక్క వచనంలో. దానికి ముందు చూడు ఎంత చాకిరీ ఉందో, పడిపోయిన బలిపీఠం బాగుచెయ్యడం, పన్నెండు రాళ్ళు ఏరడం, చుట్టూ కందకం తవ్వడం, కట్టెలు పేర్చడం, ఎద్దుని ముక్కలు కొయ్యడం, నాలుగు కుండల నీళ్ళు మూడుసార్లు పొయ్యడం. రాసినాయన చేతికి మట్టంటుకునే పనులన్నీ తీరిగ్గా చెప్పి నిప్పుని ఒక్క వాక్యంలో తేల్చేశాడు. అసలు ఆ నీళ్ళ సంగతి ఆలోచించావా? వానచుక్క లేక దేశం ఎండిపోయి మూడో ఏడు, రాజుగారే గుర్రాలకి గడ్డి ఎక్కడ దొరుకుతుందా అని వాగులెంట తిరుగుతున్నాడు, అలాంటిచోట పన్నెండు కుండల నీళ్ళు కట్టెల మీద పోసేస్తుంటే ఆ చుట్టూ నిలబడ్డోళ్ళ గొంతు ఎలా ఉండుంటుంది, చంకలో పిల్లనెత్తుకున్న తల్లి ఏమనుకుని ఉంటుంది. అది ఒక్కరూ రాయరు. అందరికీ నిప్పే కావాలి.

చిన్నప్పుడు నేను బయలు దేవత అంటే బయట ఉండే దేవుడు అనుకునేదాన్ని, ఊరి బయట పొలిమేర దగ్గర ఉంటాడేమో అని. సండే స్కూల్లో అడిగితే నవ్వారు తప్ప ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, సిరియాలో రాస్ షమ్రా అనేచోటికి దగ్గర్లో 1928లో ఒక రైతు నాగలికి పాత సమాధి రాయి తగిలి, 1929 నుంచి తవ్వితే ఉగరితు అనే పట్నం బయటపడిందనీ, అక్కడి మట్టి పలకల్లో ఈ బయలు కథలే ఉన్నాయనీ. మేఘాల మీద సవారీ చేసేవాడు, వాన, ఉరుము, పంట అన్నీ ఆయన చేతిలోవే. ఇప్పుడు కథ చూడు ఎలా మారుతుందో. ఏలీయా వాన ఆపింది వాన దేవుడి మీద. దాక్కోవడానికి వెళ్ళింది సీదోను దగ్గర సారెపతుకి, అంటే అహాబు రాణి యెజెబెలు పుట్టింటి దేశానికే. ఇదేం తెలీకుండా నువ్వు బయలుని ఊరికే కోరలున్న బొమ్మని చేసేస్తే, జనం ఎందుకు మొక్కారో పాఠకుడికి ఎలా అర్థమవుతుంది? రైతుకి వాన కావాలి. వాన ఇస్తాడన్నవాడి దగ్గరకెళ్ళాడు.

అహాబుని జోకర్‌ని చేశావు. వద్దు. అష్షూరు రాజు మూడో షల్మనేసరు తన శాసనంలో కర్కరు యుద్ధం సంగతి రాయించుకున్నాడు, క్రీ.పూ. 853 నాటిది, అందులో ఎదురు నిలిచిన రాజుల్లో అహాబుకి 2,000 రథాలు, 10,000 కాల్బలం అని లెక్క ఉంది. అంత చేవ ఉన్న రాజు. ఇంకోటి, అహాబు పిల్లల పేర్లు చూశావా, అహజ్యా, యెహోరాము, ఆ ఇంటి ఆడపడుచు అతల్యా, అన్నిట్లోనూ యెహోవా పేరే ఉంది. బయలుకి గుడి కట్టినాయన పిల్లలకి మాత్రం యెహోవా పేరు పెట్టుకున్నాడు! ఇంటి పెత్తనం చూసే ఓబద్యా అయితే యెజెబెలుకి దొరక్కుండా వందమంది యెహోవా ప్రవక్తల్ని గుహల్లో యాభై యాభైమందిగా దాచి తిండిపెట్టాడు, తెల్లారితే అదే అహాబు కొలువుకెళ్ళాడు. నీ కథలో ఒకవైపు నల్లటోళ్ళు ఒకవైపు తెల్లటోళ్ళు, మధ్యలో ఎవరూ లేరు. ఏలీయా అడిగింది మధ్యలో ఉన్నోళ్ళనే కదా, "ఎన్నాళ్ల మట్టుకు మీరు రెండు తలంపుల మధ్య తడబడుచుందురు" అని. సెమినరీలో హెబ్రీ చదివిన ఒక అయ్యగారు నాకు చెప్పారు, అక్కడ తడబడటానికి వాడిన మాటా, తర్వాత బయలు ప్రవక్తలు బలిపీఠం దగ్గర గంతులేశారన్నచోట వాడిన మాటా ఒకటేనట, రెంటికీ కుంటడమే అర్థమట. చూస్తున్నోళ్ళూ కుంటుతున్నారు, ఆడుతున్నోళ్ళూ కుంటుతున్నారు. ఆ మాట విన్నరోజు నాకు అన్నం సయించలేదు, అంత కుళ్ళొచ్చింది ఆ రాసినాయన మీద.

అన్నట్టు 850 మందినీ కీషోను వాగు దగ్గర చంపించేశావు నువ్వు. గ్రంథంలో అక్కడ పట్టుకున్నది బయలు ప్రవక్తల్ని, వాళ్ళు 450 మంది. అషేరాదేవి ప్రవక్తలు 400 మందిని పిలిపించమన్నాడు గానీ తర్వాత వాళ్ళ ఊసే లేదు. ఎక్కువ రక్తం ఉంటే ఎక్కువ విశ్వాసం అనుకున్నావేమో.

సరే, నాకు అసలు కోపమొచ్చింది, కరువులో తనకి మిగిలిన పట్టెడు పిండితో ఏలీయాకి రొట్టె చేసిపెట్టిన సారెపతు విధవరాలి దగ్గర. నాలుగు లైన్లలో కానిచ్చేసి "వెంటనే తొట్టి నిండా పిండి, బుడ్డి నిండా నూనె" అని రాశావు. ఎక్కడుంది నిండినట్టు? "తొట్టిలో ఉన్న పిండి తక్కువ కాలేదు, బుడ్డిలోనున్న నూనె అయిపోలేదు", అంతే ఉంది. తొట్టి ఎప్పుడూ నిండలేదు తమ్ముడూ. పొద్దున్నే లేచి మూత తీస్తే పట్టెడు పిండి. అది చేసుకు తినేస్తారు. మర్నాడు మళ్ళీ మూత తీస్తే పట్టెడే. రోజూ ఆ మూత తీసేముందు ఆ మనిషికి చెయ్యి వణికి ఉండదా? మూటలు నిండిపోతే ఇంక నమ్మడానికేముంది, లెక్కేసుకుని పడుకోవడమే. అడుగున చెయ్యి గీరుకుంటే గరగరమని చప్పుడొచ్చే తొట్టి ముందు కూర్చోవాలి విశ్వాసం గురించి రాసేవాడు. నిప్పు దగ్గర కాదు. ఇది నా పిచ్చి అనుకో, నలభై ఏళ్ళ నుంచీ ఇదే చెప్తున్నా, ఎవరూ వినలేదు, నువ్వూ వింటావని నమ్మకం లేదు.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి చర్చి కోసం మూలనున్న చిన్న కుండలో వేసేది, ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చేది. కూలి లేని రోజుల్లో కూడా. ఒకసారి ఆకలికి ఆగలేక ఆ కుండలోంచి బియ్యం తీసి పచ్చివే నమిలేశాను, ఎనిమిదేళ్ళుంటాయేమో. అమ్మ సాయంత్రం కుండలో చెయ్యి పెట్టి చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకూ తమ్ముడికీ పెట్టి తను గంజి తాగి పడుకుంది. కుండలో మాత్రం బియ్యం మళ్ళీ మామూలుగానే ఉన్నాయి.

ఆ కుండ తల్చుకునే 1986లో సారెపతు విధవరాలి మీద కథ రాశాను. ఒక క్రైస్తవ మాసపత్రికకి పంపితే ఎడిటర్‌గారు కార్డు రాశారు, కథ బాగుంది గానీ సందేశం లేదు, చివర నాలుగు మాటలు చేర్చండి అని. చేర్చాను. అచ్చయింది, 25 రూపాయలు మనియార్డరొచ్చింది. అమ్మకి చదువు రాదు, చదివి వినిపించాను. అంతా విని "చివర్లో ఎవరో వేరేవాళ్ళు రాసినట్టుందే" అంది. ఆ తర్వాత ఇంకెప్పుడూ చేర్చలేదు, ఆ పత్రిక వాళ్ళూ ఇంకెప్పుడూ వెయ్యలేదు. పోనీ మామూలు సాహిత్య పత్రికలకి పంపుదామంటే వాళ్ళదింకో గోల, పురాణంలో ఆడవాళ్ళ గురించి రాస్తే పునర్లేఖనం అని నెత్తిన పెట్టుకుంటారు, బైబిల్లో ఆడమనిషి అనేసరికి ఇది కరపత్రం అని తిప్పి పంపేస్తారు, చదివారో లేదో కూడా తెలీదు. ఇప్పుడు మీ కాలానికి ట్విస్టు కావాలట, మొదటి లైన్లోనే షాక్ ఇవ్వాలట. ఇవ్వండి.

పంతొమ్మిదో అధ్యాయానికొస్తున్నా. నిప్పు దిగి, వాన కురిసి, జనం అందరూ సాష్టాంగపడి యెహోవాయే దేవుడు అని కేకలేశాక ఏం మారింది? ఏమీ మారలేదు. యెజెబెలు సింహాసనం మీదే ఉంది, రేపీపాటికి నీ ప్రాణం తీస్తా అని కబురంపింది, నిన్న 450 మందికి ఎదురు నిలబడ్డవాడు ఒక ఆడమనిషి కబురుకి ప్రాణం అరచేతిలో పెట్టుకుని దేశం దాటి పారిపోయాడు. ఎడారిలో బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ఒక్క ముక్క ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ళ బుడ్డి తల దగ్గర పెట్టి లేచి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే, మళ్ళీ లేపి తిను అన్నాడు.

మా ఆయన పోయినప్పుడు నేను మూడురోజులు లేవలేదు. మా సంఘం వాళ్ళు వచ్చారు, వాక్యం చెప్పారు, ప్రార్థన చేశారు, యోబు గురించి గంటసేపు చెప్పారు, అందరూ మంచోళ్ళే. మూడో రోజు మధ్యాహ్నం పక్కింటావిడ స్టీలు గిన్నెలో పెరుగన్నం కలుపుకొచ్చి, పక్కన నిమ్మకాయ బద్ద, "లేమ్మా, రెండు ముద్దలు తిను" అంది. వద్దన్నాను. గిన్నె అక్కడే పెట్టి వెళ్ళి సాయంత్రం మళ్ళీ వచ్చింది, మూత తీసి చూసి, "అలాగే ఉంది, లే" అంది. శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి, వాళ్ళ హాల్లో వెంకటేశ్వరస్వామి పటానికి ఎప్పుడూ వాడని పూలుంటాయి. నీ కథలో ఆ చివరి ఒకటిన్నర పేజీ చదువుతుంటే నాకు ఆ గిన్నె మూత చప్పుడే వినపడింది.

అప్పం తిన్నాక ఏలీయా వెళ్ళింది హోరేబు కొండకి. గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, ఆ తర్వాత వచ్చినదాన్ని మన పాత తెలుగు బైబిల్లో మెరుపు అని పెట్టారు, "ఆ మెరుపునందు యెహోవా ప్రత్యక్షము కాలేదు" అని. హెబ్రీలో ఆ మాట మామూలు నిప్పేనట, కర్మెలు మీద దిగిన నిప్పుకి వాడిన మాటే. అంటే నువ్వు 6 పేజీలు మొక్కిన నిప్పులో ఈసారి ఆయన లేడని ఏలీయాకే చూపించాడు. ఆ తర్వాతది "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము", ఆ నిమ్మళంగా అన్న మాట పెట్టిన అనువాదకుడి చేతులకి నేను దణ్ణం పెడతా, అయినా అసలు మాట ఇంకా విడ్డూరంగా ఉంటుందట, సన్నటి నిశ్శబ్దం చేసే చప్పుడు అన్నట్టు. ఇక్కడ నీకేం పని అని రెండుసార్లు అడిగితే ఏలీయా రెండుసార్లూ అప్పజెప్పినట్టు ఒకే జవాబు, నేనొక్కణ్ణే మిగిలాను అని. నిశ్శబ్దం విన్నాక కూడా మారలేదు మనిషి! దేవుడు తిట్టలేదు, బయలుకి మోకాళ్ళూననోళ్ళు ఇంకా 7,000 మంది ఉంటారని చెప్పి, పని అప్పజెప్పి పంపించాడు. ఒకరి పేరు కూడా చెప్పలేదు ఆ 7,000 మందిలో.

డైలాగులు బైబిలు భాషలో ఉండాలా మామూలు భాషలోనా అని అడిగావు. పనివాడు "ఏమీ లేదయ్యా" అన్నప్పుడు నిన్ను ఎవరైనా అడిగారా? అలాగే రాయి.

కాయితాలు పోస్టులో తిప్పి పంపుతున్నా, చివరి రెండు పేజీలు చింపేశాను, వెతుక్కోకు. 19వ అధ్యాయం మూడో వచనం చూడు. పారిపోతూ ఏలీయా బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి ఒక్కడే ఎడారిలోకి వెళ్ళిపోయాడు. వీడే కదా ఏడుసార్లు కొండెక్కినవాడు, అరచెయ్యంత మబ్బుని ముందు చూసినవాడు. ఇప్పుడు తెలీని ఊళ్ళో ఒంటరిగా, అయ్య తిరిగొస్తాడో రాడో తెలీదు. వాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఎవరైనా అన్నం పెట్టారా, పొద్దున్నే లేచి ఎటువైపు చూశాడు, అది రాసి పంపు. పది పేజీలు దాటనివ్వకు, నా కళ్ళు బాలేవు.

ఉంటాను,
మీ టీచర్‌గారు