అందరి ఫోన్లలో ఉన్న వార్తను డెస్క్ ఆపగలదా?

సోషల్ మీడియా వచ్చాక ఏ వార్త అచ్చు కావాలో నిర్ణయించే అధికారం పత్రికల సంపాదకులకు ఇంకా మిగిలి ఉందా అని అడిగారు. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తెలుగు దినపత్రికకు చాలా ఏళ్లు కంట్రిబ్యూటర్‌గా వార్తలు పంపిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. అధికారం మిగిలే ఉంది కానీ, దాన్ని సరిగ్గా వాడుకోవడానికి కావలసిన వ్యవధి లేకుండా పోయింది.

నేను పనిలో చేరిన రోజుల్లో వార్తలు చేత్తో రాసి, ఫొటోలతో సహా కవరులో పెట్టి, సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి శ్రీకాకుళం బస్సు కండక్టరుకు అందించేవాణ్ని. ఆ బస్సు తప్పితే మర్నాటి పేపర్లో మా ఊరి వార్త ఉండేది కాదు కాబట్టి, ఏది పంపాలో, ఏది మానుకోవాలో నేనే ముందు తేల్చుకోవలసి వచ్చేది. పోలీసులు ధ్రువీకరించారా, అవతలి పక్షం ఏమంది అని డెస్క్‌లో, అంటే వచ్చిన వార్తలను ఎంపిక చేసి దిద్దే విభాగంలో, సబ్ ఎడిటర్ అడిగే రెండు ప్రశ్నలకు జవాబు లేని వార్త అక్కడితో ఆగిపోయేది. 1950లో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక చిన్న పత్రికలో వార్తా సంస్థలు పంపే వార్తలను ఎంపిక చేసే సంపాదకుణ్ని గమనించి, ఒక వారంలో వచ్చినవాటిలో పదింట తొమ్మిది వంతులు ఆయన పక్కన పెట్టేశారని, చాలాసార్లు చోటు లేకపోవడమే అందుకు కారణమని రాశారు. మా జిల్లా పేజీల సంగతీ అంతే. వెబ్‌సైటులో చోటుకు కొరత లేదు; కనుక వార్తను ఆపడానికి ఇక మిగిలిన కారణం అది నిజమో కాదో తేలకపోవడం ఒక్కటే, తేల్చుకునే తీరికేమో ఎవరికీ లేదు.

పాత వడపోత న్యాయంగా ఉండేదని మాత్రం నేను అనను. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ల కష్టం శ్రీకాకుళం పేజీకి ఎప్పుడూ పొరుగువారి వార్తే, ఒడియా పత్రికలకు మేము పరాయి భాషవాళ్లం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా కొండ గ్రామాలు చీకట్లో మిగిలిపోయాయి. బారఘర అనే ఊళ్లో తలదాచుకున్నవారి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. సిగ్నలు దొరికే చోటికి నడిచివచ్చి కుర్రాళ్లు పెట్టిన ఫొటోలు ఫేస్‌బుక్‌లో తిరగకపోయి ఉంటే, మా వైపు వార్తకు అంత చోటు దక్కేది కాదని నాకు గట్టి నమ్మకం.

అదే ఏడాది వేసవిలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. దేశమంతా తిరిగిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం; పిల్లవాణ్ని తిరిగి అప్పగించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. ఇలాంటి వదంతులకు దేశంలో పలుచోట్ల అమాయకులు బలయ్యారు. జూలైలో వాట్సాప్ భారత్‌లో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి తెస్తున్నట్టు ప్రకటించింది. ఆ వేసవిలోనే ఒక సాయంత్రం డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది: "మీ దగ్గర ఒక ఆడమనిషిని పట్టుకున్నారట కదండీ, గ్రూపులన్నిట్లో ఉంది, మనకు ఎందుకు రాలేదు?" ఇరవై ఏళ్లుగా నేను విన్న మొదటి ప్రశ్న, పోలీసులు ధ్రువీకరించారా అన్నది, ఆ రోజు ఎవరూ అడగలేదు.

నేను ఠాణాకు వెళ్లాను. ఆమె బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. తెలుగు రాదు, ఒడియా రాదు, చేతిలోని ప్లాస్టిక్ సంచిలో ఒక పాత చీర, మందుల చీటీ తప్ప ఏమీ లేవు. చుట్టుపక్కల ఎక్కడా పిల్లలు తప్పిపోయిన ఫిర్యాదు లేదని అధికారి చెప్పగానే డెస్క్‌కు ఫోన్ చేశాను. అచ్చు పేపరులో అది వదంతి అనే వచ్చింది. కానీ ఆలోగా వెబ్ విభాగం వారు ఆమె ఫొటోతో, శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం తగిలించి, వార్త పెట్టేశారు. నలభై నిమిషాల తర్వాత దాన్ని తీసేశారు గానీ సవరణ వేయలేదు. గ్రూపుల్లో తిరిగిన పుకారును సగం మందే నమ్మి ఉంటారు; మా పత్రిక పేరున్న ఆ స్క్రీన్‌షాట్‌ను మాత్రం మా వీధిలో అందరూ నమ్మారు.

అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను. అచ్చుకు ఒక డెస్క్, వెబ్‌కు మరో డెస్క్ ఉండి, మొదటిదానికే ధ్రువీకరణ నియమం ఉన్నంతకాలం ఆ నియమం ఉన్నా లేనట్టే. తీసేసిన ప్రతి వార్త స్థానంలో, ఎందుకు తీశామో అదే లింకులో రాసి ఉంచాలి. అప్పుడు ఆ మాట కోసం నేను పోరాడాను, కుదరలేదు. మరుసటి ఏడాది గుణుపురంలోని మా బంధువు ఒకాయన అదే స్క్రీన్‌షాట్ నాకు పంపి, "ఈ మనిషి ఇప్పుడు మా వైపు తిరుగుతోందట, నిజమేనా బావా?" అని అడిగాడు.