లేజర్ పల్స్ నైట్రోజన్ అణువును ఎలా విరగ్గొడుతుంది?

800 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులే. నైట్రోజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను పెరకడానికి 15.6 కావాలి, మరి ఫెమ్టోసెకండ్ (సెకనులో 10¹⁵వ వంతు) పల్స్‌కు అది ఎలా సాధ్యం అని అడిగారు. పదకొండు ఫోటాన్లు కలిసి పనిచేస్తాయని చాలామంది చెబుతారు. తప్పు కాదు. కానీ అక్కడితో ఆగితే అసలు విషయం చేజారుతుంది.

నేను అనంతపురంలో ఎమ్మెస్సీ చదివి, కొన్నేళ్లు ఈ ప్రయోగాలే చేసి, ఇప్పుడు ఇక్కడే డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్లకు ముందుగా వేయించేది తీవ్రత లెక్క. మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో చదరపు సెంటీమీటరు మీద పడే ఎండ సుమారు 0.1 వాట్. 1 మిల్లీజౌల్ శక్తిని 30 ఫెమ్టోసెకండ్లలోకి కుదించి 50 మైక్రాన్ల చుక్క మీద కేంద్రీకరిస్తే, అదే చదరపు సెంటీమీటరు లెక్కన 10¹⁵ వాట్లు దాటుతుంది. అక్కడ విద్యుత్ క్షేత్రం ఒక్క ఆంగ్‌స్ట్రామ్ (సెంటీమీటరులో పది కోట్లవ వంతు) దూరానికి దాదాపు 9 వోల్టులు. ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచిన గోడే ఒక వైపు వంగిపోతుంది. ఎలక్ట్రాన్ అందులోంచి టన్నెలింగ్ ద్వారా, అంటే గోడ దాటేంత శక్తి లేకపోయినా దానిలోంచే చొచ్చుకుని, బయటపడుతుంది. 1964లో సోవియట్ భౌతిక శాస్త్రవేత్త కెల్డిష్ ఈ రెండు దృశ్యాలనూ, అంటే ఫోటాన్ల లెక్కనూ టన్నెలింగ్‌నూ, ఒకే సిద్ధాంతంలోకి తెచ్చారు.

ఇక విరగడం. ఇది వేడి వల్ల జరిగేది కాదు. రెండు మూడు ఎలక్ట్రాన్లు పోయాక బంధానికి బలం తగ్గుతుంది, మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దీన్నే కూలుంబ్ విస్ఫోటం అంటారు. 1.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఒక్కో ధనావేశం ఉన్న రెండు అయాన్ల మధ్య వికర్షణ శక్తి సుమారు 13 ఎలక్ట్రాన్ వోల్టులు.

టైమ్ ఆఫ్ ఫ్లైట్ వర్ణపటంలో (అయాన్లు డిటెక్టర్‌ను చేరే సమయాన్ని బట్టి వాటిని వేరుచేసి చూపే గ్రాఫులో) ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ద్రవ్యరాశి, ఆవేశాల నిష్పత్తి 14 దగ్గర చూడండి. మధ్యలో ఒక సన్నని శిఖరం, దానికి అటూ ఇటూ రెండు. మధ్యది రెండు ఎలక్ట్రాన్లు పోయినా విరగని అణువు. పక్కవి విరిగిన ముక్కలు: డిటెక్టర్ వైపు ఎగిరినవి ముందుగా చేరతాయి, వెనక్కి ఎగిరినవి తిరిగి మళ్లి ఆలస్యంగా వస్తాయి. హాఫ్ వేవ్ ప్లేట్‌తో లేజర్ ధ్రువణాన్ని (విద్యుత్ క్షేత్రం ఊగే దిశను) డిటెక్టర్ దిశ నుంచి 90 డిగ్రీలు తిప్పితే పక్క శిఖరాలు దాదాపు మాయమవుతాయి, మధ్యది నిలుస్తుంది. అణువు ఏ దిశలో విరిగిందో ఇంత సూటిగా చెప్పే కొలత మరొకటి నాకు తెలియదు. (18 దగ్గర ఒక శిఖరం కనిపిస్తే కంగారు పడకండి, అది శూన్యపాత్రలో మిగిలిన నీటి ఆవిరి.)

ఒక హెచ్చరిక. విరిగిన ముక్కల్లో కొలిచిన శక్తి సాధారణంగా కూలుంబ్ లెక్కకంటే తక్కువగా వస్తుంది. పల్స్ నడుస్తుండగానే బంధం సాగుతుంది. అలా సాగిన దూరంలో అయనీకరణం మరింత సులువవుతుంది. హైడ్రోజన్‌కు లెక్క ప్రకారం సుమారు 19.5 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి, కానీ అది తేలికైనది, ఎనిమిది ఫెమ్టోసెకండ్లలోపే ఒక కంపనం పూర్తిచేస్తుంది. అందుకే అక్కడ పల్స్ పొడవు తెలియకుండా శక్తి విలువను నమ్మవద్దు.