కట్టెను చూస్తే పక్కకు పోయే గుర్రం

ప్రశ్న: సార్, మాది కల్వకుర్తి దగ్గర ఊరు. పోయిన దసరాకు మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని కొన్నాం. అమ్మినాయన మూడేళ్లది అన్నాడు. మా అబ్బాయికి పదహారేళ్లు, సవారీ బాగానే చేస్తాడు. ఫోన్‌లో వీడియోలు చూసి రెండు డ్రమ్ముల మీద వెదురు బొంగు కట్టి, 3 అడుగుల ఎత్తు దూకించబోయాడు. గుర్రం దగ్గరదాకా పోయి టక్కున ఆగింది, వీడు ముందుకు పడ్డాడు. కోపంతో కొరడా పట్టి మళ్లీ మళ్లీ తోలాడు. ఇప్పుడు బొంగు కనిపిస్తే చాలు పక్కకు పోతోంది. దీనికి దూకడం రాదా? వేరేది కొనాలా?

జవాబు: వేరేది ఎందుకు తమ్ముడూ? చేన్లో కాలువ అడ్డమొస్తే ఎవరూ నేర్పకుండానే దాటుతుంది కదా, దానికి దూకడం వచ్చు. భయపడింది, అంతే. ఆ బొంగు దగ్గర కళ్లెం గుంజుకుని నోరు నొప్పి పెట్టింది, వీపు మీది మనిషి పడ్డాడు, ఆ వెంటనే దెబ్బలు. బొంగంటే దానికి ఇప్పుడు గుర్తొచ్చేవి ఇవే. ముందుగా ఆ కొరడాను ఇంట్లో పెట్టేయమనండి.

తర్వాత వయసు. అమ్మినవాళ్ల మాట వదిలేసి నోరు చూడండి. కింది పెదవి వంచితే ముందు పళ్లు ఆరు కనిపిస్తాయి. పాలపళ్లు చిన్నగా తెల్లగా ఉంటాయి, అసలు పళ్లు వెడల్పుగా, కాస్త పసుపుగా ఉంటాయి. నడిమి రెండు పళ్లు రెండున్నరేళ్లకు, వాటి పక్కవి మూడున్నరకు, మూలవి నాలుగున్నరకు మారతాయి. మూలపళ్లు ఇంకా పాలవే అయితే మనిషి ఎక్కి ఎత్తులు దూకించే పని పెట్టుకోవద్దు. ముందుకాలి మోకాలి దగ్గర ఎముక రెండున్నరేళ్లకల్లా పెరగడం ఆపుతుంది కానీ, వెన్నుపూసలు గట్టిపడేసరికి అయిదేళ్లు దాటుతుంది. మనిషి బరువు పడేది ఆ వెన్ను మీదే. బెల్జియంలోని లానాకెన్‌లో లేత జంపింగ్ గుర్రాలకు ప్రపంచ పోటీలు పెడతారు. అక్కడ కూడా అన్నిటికన్నా చిన్న తరగతి అయిదేళ్ల గుర్రాలదే. మనకు తొందరేముంది?

అంతదాకా ఊరికే ఉంచమని కాదు, నేల మీద చేసే పని చాలా ఉంది. వెదురు బొంగు తీసేయండి, చీలితే కాళ్లకు గుచ్చుకుంటుంది. 10 అడుగుల జామాయిల్ కర్రలు నాలుగు తెచ్చి, చెక్కు తీసి, నున్నగా చేసి తెల్ల పెయింట్ వేయండి, మధ్యలో నీలం పట్టీలు. గుర్రానికి నీలం, పసుపు తేడా బాగా తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. మన ఎర్ర చెల్కలో రంగు వేయని కర్ర పడి ఉంటే దానికి నేలలోనే కలిసిపోతుంది. బ్రిటన్‌లో పందెపు గుర్రాలు దూకే అడ్డాలకు నారింజ రంగు తీసేసి తెలుపు వేస్తున్నది కూడా ఇందుకే.

ఒక కర్రను నేల మీద పెట్టి, జీను లేకుండా, పగ్గం పట్టుకుని మీవాడే దాన్ని నడిపించుకుంటూ దాటాలి. ఆగితే ఆగనివ్వండి, వాసన చూడనివ్వండి. దాటగానే మెడ మీద నిమరండి. మీ ఊళ్లో నెమ్మదైన పెద్ద గుర్రం ఉంటే దాన్ని ముందు నడిపించండి, వెనకాలే ఇది వచ్చేస్తుంది. వారం పదిరోజులకు టెన్షన్ తగ్గి, చెవులు వదులుగా పెట్టుకుని దాటుతున్నదంటే నాలుగు కర్రలూ పరచండి. దుల్కీ పరుగులో, అంటే నడకకూ దౌడుకూ మధ్య వేగంలో, దాటించడానికి ఒక్కో కర్రకు మధ్య సుమారు 4.5 అడుగులు ఉండాలి. డెక్క గుర్తు రెండు కర్రలకు సరిగ్గా నడుమ పడుతుందో లేదో మట్టిలో చూసి అంగుళమో రెండంగుళాలో జరపండి. మొత్తం పని 20 నిమిషాలు, వారానికి రెండుసార్లు. ఎండాకాలం తెల్లారి 7 లోపే ముగించండి. చెల్క అప్పుడు సిమెంటులా ఉంటుంది, వాగు ఇసుక మూడు నాలుగు అంగుళాలు పోయందే దూకించకండి.

నేను గుర్రాలకు నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో నాలుగేళ్ల మగగుర్రం ఒకటి నా చేతికి వచ్చింది. ఎంత ఇష్టంగా దూకేదంటే, మూడో రోజుకే కర్రను 3 అడుగులకు లేపాను. ఆ కర్రను గుంజలకు తాడుతో కట్టి ఉంచాను. ముందుకాళ్లు తగిలాయి, కర్ర పడలేదు. వాపు వారంలో తగ్గింది. భయం మాత్రం ఎనిమిది నెలలు పోలేదు. నీళ్ల పైపు అడ్డంగా ఉన్నా నిలబడి వణికేది. ఆ వణుకు జీనులోంచి నా తొడలకు తెలిసేది, ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నా, కర్రను ఎప్పుడూ కట్టకండి. కాలు తగిలితే పడిపోవాలి.

వయసు వచ్చాక, అంటే మూలపళ్లు మారాక, రెండు కర్రల్ని ఇంటూ గుర్తులా ఆనించండి, నడుమ ఎత్తు అడుగు చాలు. దానికి 9 అడుగుల ముందు నేల మీద ఇంకో కర్ర పెట్టండి. దుల్కీలో వచ్చి ఆ కర్ర దాటితే ఎక్కడ ఎగరాలో దానికే తెలుస్తుంది. గుర్రానికి నుదుటికి ఎదురుగా, ముక్కు కింద ఉన్నది కనిపించదు. దూరం నుంచే చూసి లెక్క వేసుకోవాలి, అందుకే నేరుగా తీసుకురావాలి, తల గుంజి పట్టకూడదు. మీవాడు ఒక చేత్తో జూలు పట్టుకోవాలి. కళ్లెం పట్టుకుని నిలదొక్కుకుంటే దిగేటప్పుడు మళ్లీ నోరే నొప్పి పెడుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

ప్రశ్న: మాది నల్గొండ. మా గుర్రం పెళ్లి ఊరేగింపులకు పోయేది, డ్యాన్స్ బాగా చేస్తుంది. ఎనిమిదేళ్లు ఉంటాయి. దానికి దూకడం నేర్పొచ్చా?

జవాబు: వయసుకు ఇబ్బంది లేదు. కానీ ఇన్నేళ్లు తల పైకి గుంజి పట్టి ఆడించారు కదా, దూకాలంటే మెడ ముందుకు చాచి నడుము వంచాలి, అది మరిచిపోయి ఉంటుంది. ముందు పెదవి మూలలు, నాలుక చూడండి. పుండ్లు ఉంటే మానేదాకా కళ్లెం వద్దు. ముళ్ల కళ్లెం ఉంటే పారేయండి, బండి లాగే, బరువు మోసే జంతువులను హింసించకూడదని తెచ్చిన 1965 నాటి నిబంధనల్లోనే దాన్ని నిషేధించారు. మేత నేల మీదే వేయండి. పగ్గాలు వదులుగా ఇచ్చి రెండు మూడు నెలలు ఊరికే నడిపించి, అప్పుడు ఒక్క కర్ర పెట్టండి. తలదించి ఆ కర్రను వాసన చూసిందంటే ఆ రోజుకు చాలు, జీను దించేయండి.