పోచారం మత్తడి చూడాలంటే ఎప్పుడు పోవాలి?

ప్రశ్న: నమస్తే సార్. మా అమ్మగారిది ఎల్లారెడ్డి పక్క పల్లె. పోచారం ప్రాజెక్టు మత్తడి (అలుగు) దుంకుతున్న వీడియోలు చూసి పిల్లలిద్దరూ పోదామని ఒకటే గొడవ. 2025 ఆగస్టు వరదలు గుర్తొస్తే నాకేమో టెన్షన్. దానికి గేట్లు లేవంటారు, అది మంచిదా, చెడ్డదా? పూడిక నిండిపోయిందట, తీయించొచ్చు కదా? పక్షులు కూడా వస్తాయట, ఎప్పుడు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, నీటిపారుదల ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ కట్ట మీదే తిరిగాను. అందుకే ముందు మీ టెన్షన్ సంగతి మాట్లాడతాను, మిగతావి తర్వాత.

గేట్లు లేవన్నది నిజమే. ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922కల్లా ముగించిన రాతికట్టడం అది. నిజాంసాగర్‌ పని మొదలైందే 1923లో. నిండుమట్టం 1,464 అడుగులు. నీళ్లు ఆ గీత దాటితే మత్తడి మీది నుంచి వాటంతటవే దుంకి మంజీర దారి పడతాయి. కట్టడానికి ఇది మేలే. అర్ధరాత్రి కరెంటు పోయింది, గేటు మొరాయించింది అన్న బెడద ఉండదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ ప్రాంతాల్లో పడిన వానకు, దాన్ని కట్టినవాళ్లు వేసుకున్న లెక్కను మించిన వరద దాని మీదుగా పోయింది. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. తెల్లారి టీవీలో నీళ్ల మధ్య గోడ నిలబడి కనిపించేసరికి కళ్లనీళ్లు ఆగలేదు. నూరేళ్ల కింద ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా చూడలేదు నేను.

చూడ్డానికి వచ్చేవాళ్లకు మాత్రం ఆ గేట్లు లేకపోవడమే ప్రమాదం. నీళ్లు ఎప్పుడు పెరగాలో ఇక్కడ మనుషులెవరూ నిర్ణయించరు. ఎగువన ఎక్కడో వాన కొడితే, మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పాదం మునిగే నీళ్లు మోకాలికి వస్తాయి. దానికితోడు పాచి. ఒక వానాకాలం నా కళ్లముందే పన్నెండేళ్ల పిల్లాడు ఫొటో కోసం మత్తడి దిగువ బండల మీద నిలబడి జారాడు. మా లష్కర్, అంటే తూములూ కాలువలూ చూసుకునే మనిషి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి విసిరాడు, వాడు అందుకున్నాడు. బయటికి లాగాక చూస్తే వాడి పది గోళ్ల కిందా ఆకుపచ్చ పాచి ఇరుక్కుని ఉంది. బండను పట్టుకోవడానికి అంతలా గీరాడన్నమాట. కాళ్లకున్న చెప్పుల్లో ఒకటే మిగిలింది. వాళ్లమ్మ ఆ తడి చెప్పునే గుండెకు హత్తుకుని కూర్చుంది. అందుకే చెబుతున్నాను, మత్తడి దుంకుతుంటే గట్టున నిలబడి చూడండి, కిందికి దిగొద్దు. సెల్ఫీ కోసం అసలే వద్దు.

ఇక పూడిక. కట్టినప్పుడు 2.423 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు లెక్కలో ఉన్నది 1.820. పోయింది 0.6 టీఎంసీ, అంటే దాదాపు 1.7 కోట్ల ఘనమీటర్ల మట్టి. టిప్పరుకు పది ఘనమీటర్లు వేసుకున్నా 17 లక్షల ట్రిప్పులు. రోజుకు 200 చొప్పున ఒక్కరోజూ ఆపకుండా తోలినా ఇరవై మూడేళ్లు పడుతుంది! ఈలోపు వాగు కొత్త మట్టి తెస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో రైతులు ట్రాక్టర్లతో చెలకలకు తోలుకుంటే చేనుకూ మంచిదే, చెరువుకూ మంచిదే. కానీ మొత్తం తీయించడం అయ్యే పని కాదు. మట్టి రాకుండా ఆపాల్సింది పైన, అడవిలో. పోచారం అభయారణ్యం 1952లో ఏర్పడింది, సుమారు 130 చదరపు కిలోమీటర్లు. జింకలు, మనుబోతులు, చిరుతలు ఉన్న అడవి అని అందరూ చెబుతారు. ఆయకట్టు రైతుకు అది నేలను పట్టి ఉంచే అడవి కూడా. ఆయకట్టు పదివేల ఎకరాల పైచిలుకు. యాసంగిలో అందరికీ నీళ్లు చాలక జోన్ల వారీగా వంతులు వేసుకునే రైతులకు ఆ 0.6 టీఎంసీ విలువ మనకంటే బాగా తెలుసు.

ఆ పూడిక వల్లే లోతు తగ్గిన అంచులున్నాయి చూశారూ, చలికాలం పక్షులకు అదే మేత. యాసంగికి తూము తీశాక నీళ్లు వెనక్కి జరిగి శిఖం భూమి బయటపడుతుంది, దాని మీద లేతగడ్డి మొలుస్తుంది. హిమాలయాల అవతలి నుంచి వచ్చే పెద్ద బాతులు, తల వెనక రెండు నల్ల చారలుంటాయే, అవి పొద్దున్నే గుంపుగా ఆ గడ్డి మేస్తాయి. దగ్గర్లోనే జంటగా చక్రవాకాలు, ఇటుకరంగులో. బురదలో నత్తగుల్లకొంగలు. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను పట్టి, గుల్ల లోపల ముక్కు మొన తిప్పి, మాంసాన్ని మాత్రం లాగేస్తుంది. పిల్లలకు బైనాక్యులర్స్ ఇచ్చి అది చూపించండి, మత్తడి వీడియోలు మర్చిపోతారు.

కాబట్టి నా సలహా డిసెంబరు, జనవరి. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి మెదక్ మీదుగా ఎల్లారెడ్డి రోడ్డు పట్టండి. ఎండ ఎక్కకముందే చేరుకోవాలి. ఎండెక్కితే బాతులు నీళ్ల మధ్యకు పోతాయి. ఎర్ర చొక్కాలు వద్దు, మట్టి రంగువి వేయండి. టిఫిన్ డబ్బా ఇంటి నుంచే తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లు తిరిగి కారులో వేసుకోండి. తిరుగుదారిలో మెదక్ చర్చి చూడొచ్చు, 1924లో ప్రారంభమైంది, మన ప్రాజెక్టుకు రెండేళ్లు చిన్నది. ఒక్క మాట పిల్లలకు కారులోనే చెప్పండి: బాతుల గుంపు ఎగిరితే బాగుంటుందని చప్పట్లు కొట్టొద్దు. నేను చూసినంతలో ఒకసారి బెదిరి లేచిన గుంపు ఆ పూట మళ్లీ అదే గడ్డి మీద వాలింది తక్కువ.